ఎర్ర కాగితం పెట్టిన అరవై ఒకటో పేజీ

మా బడి వంటగది గోడ మీద మధ్యాహ్న భోజనం పట్టిక ఉంటుంది. సోమవారం ఏం కూర, బుధవారం గుడ్డు, అన్నీ పెయింటుతో రాసి ఉంటాయి. దాని కింద జానెడు జాగాలో సుద్దముక్కతో రాసేది మాత్రం వంట సంగతి కాదు, పుస్తక సమీక్ష. పోయిన ఏడాది తనిఖీకి వచ్చిన ఒక అధికారి అది చూసి, "ఇదేంటి మేడం, వంటామె రివ్యూలు రాస్తుందా?" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. "రాస్తుంది సార్. మీరు చివరిసారి పుస్తకం ఎప్పుడు చదివారు?" అని అడిగేశాను. మా హెడ్మాస్టరు కురుమూర్తి సారు గబగబా ఆయన్ని టీ తాగడానికి తీసుకెళ్ళిపోయాడు.

ఆ రోజు గోడ మీద ఉన్నది ఇది: "ఈ కథల పిలగాడు పిల్ల ఎంబడి పడుతడు. రాసినాయన దాన్ని ప్రేమ అన్నడు. మా ఊర్ల దాన్ని సతాయించుడు అంటరు. ఆడపిల్లలు చదవాలె, చదివి నవ్వాలె." నేను ఎమ్మే తెలుగు చేశాను, ఇరవై పేజీల విమర్శ వ్యాసాలు రాశాను. ఇదే మాట చెప్పడానికి నాకు కనీసం రెండు పేజీలు కావాలి. చెప్పాక కూడా పిల్లలు చదివేవాళ్ళు కాదు.

రాసింది జములమ్మ. పాన్‌గల్ మండలంలో ఉన్న మా ఊరి బడిలో వంట చేస్తుంది. పొద్దున తొమ్మిదికి పొయ్యి ముట్టిస్తుంది, రెండింటికి గిన్నెలు తోమి బోర్లిస్తుంది. ఆ తర్వాత ఇంటికి పోవచ్చు. పోదు. వరండాలో స్తంభానికి ఆనుకుని, కాళ్ళు చాపుకుని, బడి గ్రంథాలయం పెట్టెలోంచి ఒక నవల తీస్తుంది. పెద్దవాళ్ళ నవలలు ముట్టుకోదు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లల కోసం రాసినవే చదువుతుంది. ఎందుకని అడిగితే, "పెద్దోళ్ళ కథలల్ల మనుషులు మొదట్ల ఎట్లుంటరో ఆఖర్ల గట్లే ఉంటరు. ఈ పిల్లలు రేపు ఏమైతరో ఎవ్వరికీ తెల్వదు. గది మంచిగుంటది" అంటుంది. ముప్పై ఆరేళ్ళ మనిషి, నాలుగో తరగతి మధ్యలో బడి ఆగిపోయిన మనిషి, మూడేళ్ళలో నూట పన్నెండు నవలలు చదివింది. ఆ లెక్క నాది కాదు, తొమ్మిదో తరగతి గీత రాసి పెట్టింది. గీత ఆమెకు శిష్యురాలు. పుస్తకం నచ్చనప్పుడు మాత్రం ఇద్దరూ సవతుల్లా కొట్లాడుకుంటారు.

ఆమె మాట మీద పిల్లలకు ఎంత గురి అంటే, జములక్క చదవని పుస్తకం పెట్టెలోంచి కదలదు. దయ్యాల బంగళా గురించి తొమ్మిది భాగాల సిరీస్ ఒకటి వచ్చింది. మూడు భాగాలు ఊపిరి బిగబట్టి చదివింది. నాలుగోది సగంలో మూసేసి గోడ మీద రాసింది: "మూడో భాగమే మళ్ళీ వండిండు. నిన్నటి అన్నానికి తాలింపు పెడితే అది నిన్నటి అన్నమే. అయిదు నుంచి తొమ్మిది దాక ఎవరన్న చదువుతే నాకు చెప్పకుర్రి." ఒక్కరు చదవలేదు. ఇంకో నవల, పోలియో వచ్చిన పిల్ల ఈత నేర్చుకునే కథ, దాని గురించి ఇట్లా రాసింది: "ఏడుపొస్తది. కానీ ఉత్తగ రాదు." ఆ పుస్తకానికి నాలుగు నెలలు వరసలో నిలబడ్డారు, అట్ట ఊడిపోయి రెండుసార్లు కుట్టించాం.

సిరీస్‌లు చదవడంలో ఆమెకు ఒక పద్ధతి ఉంది. దాని గురించి చెప్పాలంటే పత్తి చేనులోకి పోవాలి.

గద్వాల వైపు విత్తనపత్తి పండిస్తారు. అందులో క్రాసింగు పని అని ఒకటి ఉంటుంది. సాయంత్రం పూట, తెల్లారితే విచ్చుకునే మొగ్గను చూసి, గోటితో దాని లోపలి పుప్పొడి కాడలు ఒలిచేసి, గుర్తుకు ఎర్ర కాగితం తొడుగుతారు. తెల్లారి మగచెట్టు పువ్వు తెంపుకొచ్చి, ఎర్ర కాగితం తీసి, ఆ పువ్వుకు రుద్ది, తెల్ల కాగితం తొడుగుతారు. తెల్లది పడిందంటే పని అయినట్టు, కాయ నిలిచినట్టు. ఎర్ర కాగితం పెట్టి తెల్లారి రాకపోతే ఆ పువ్వు రాలిపోతుంది. మేము పిల్లలుగా ఉన్నప్పుడు ఆ పనికి చిన్న పిల్లల్నే పెట్టేవారు. మా ఎత్తు, చెట్టు ఎత్తు సరిపోయేవి మరి, వేళ్ళు కూడా సన్నగా ఉండేవి.

మేము అన్నానుగా, జములమ్మా నేనూ. గద్వాలకు ఆరు కిలోమీటర్ల దూరంలో మా ఊరు. ఇద్దరివీ కూలి కుటుంబాలు. మా నాన్న ఆదివారం చర్చికి తీసుకుపోయేవాడు, వాళ్ళమ్మ మంగళవారం జములమ్మ తల్లి గుడికి తీసుకుపోయేది, మిగిలిన అయిదు రోజులూ పక్కపక్క సాళ్ళలో మా ఇద్దరి పని.

ఇప్పుడు ఆమె నవలలు చదివే పద్ధతి వినండి. మొదటి భాగం చదివేటప్పుడు పతంగి కాగితాన్ని ఎర్రటి ముక్కలుగా కత్తిరించి ఒళ్ళో పెట్టుకుంటుంది. రచయిత ఎవరినైనా, దేన్నైనా మధ్యలో వదిలేసి ముందుకు పోతే ఆ పేజీలో ఎర్ర కాగితం పెడుతుంది. తప్పిపోయిన కుక్క, అలిగి వెళ్ళిన అన్న, చెప్తానని చెప్పని రహస్యం, ఏదైనా సరే. రెండో భాగం వచ్చాక, రచయిత మళ్ళీ వాటి దగ్గరికి వచ్చాడా లేదా అని చూస్తుంది. వస్తే ఎర్రది తీసి తెల్లది పెడుతుంది. రాకపోతే ఎర్రది అట్లాగే ఉంటుంది. "రెండో భాగమంటే ఏంది మరి? తెల్లారి మళ్ళ చేనుకు పోవుడే గద" అంటుంది. నేను చదివిన విమర్శ గ్రంథాల్లో ఇంత తేట మాట నాకు దొరకలేదు. ఈ మాట మీద ఎవరైనా వాదిస్తే నేను రెడీ.

ఇక అసలు సంగతికి వస్తాను. మూడేళ్ళ క్రితం ఉమారాణి అనే రచయిత్రి రాసిన సిరీస్ మా పెట్టెలోకి వచ్చింది. మొదటి భాగం పేరు 'కాలువకు అవతల'. విత్తనపత్తి చేనులో పనిచేసే రాగిణి అనే పదకొండేళ్ళ పిల్ల కథ. బడి మానేసిన పిల్లల కోసం శిబిరం నడిపేవాళ్ళు జీపు వేసుకుని చేను గట్టు మీదికి వస్తారు. రాగిణి జీపెక్కుతుంది. పక్క సాలులో ఉన్న స్నేహితురాలు లచ్చి ఎక్కదు, చెట్ల వెనక దాక్కుంటుంది. "రేపొస్తనే" అని కేకేసి రాగిణి వెళ్ళిపోతుంది. ఇది అరవై ఒకటో పేజీలో జరుగుతుంది. అక్కడి నుంచి రాగిణి హాస్టలు, చదువు, గొడవలు, గెలుపులు. లచ్చి మళ్ళీ కనిపించదు. రెండో భాగంలోనూ కనిపించలేదు.

ఆ రాగిణిని నేనే.

ఎనిమిదేళ్ళ క్రితం నాగర్‌కర్నూల్‌లో టీచర్లకు అయిదు రోజుల శిక్షణ జరిగింది. కథలు చెప్పించడం నేర్పడానికి ఉమారాణి గారు వచ్చారు. ఒక మధ్యాహ్నం అందర్నీ చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పమన్నారు. నేను జీపు సంగతి చెప్పాను. చెప్పడం అయ్యాక ఆవిడ, "ఆ రెండో అమ్మాయి ఏమైంది ప్రేమలత గారూ?" అని అడిగారు. తెలియదన్నాను. అది నిజమే. కానీ ఎందుకు తెలియదు? దసరా సెలవులకు ఊరికి పోతే జములమ్మ వాళ్ళు బొంబాయి పనికి పోయారని చెప్పారు. బొంబాయిలో ఎక్కడ, ఎవరితో, ఎప్పుడొస్తారు అని నేను అడగలేదు. అడిగితే ఎవరో ఒకరు చెప్పేవారే. కొత్త లంగా జాకెట్ వేసుకుని, ఇంగ్లీషు పద్యం అప్పజెబుతూ వీధంతా తిరిగాను. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు.

జీపెక్కిన ఇరవై ఒక్క ఏళ్ళకు బదిలీ మీద ఈ బడికి వస్తే, మొదటి రోజు పళ్ళెం పట్టుకుని నిలబడ్డప్పుడు గరిట ఆగింది. "నువ్వు ప్రేమి గదనే?" అంది. పోల్చుకోవడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది, ఆమెకు రెండు క్షణాలు. బొంబాయిలో పదేళ్ళు ఇటుకలు మోసింది, పాన్‌గల్ వైపు అబ్బాయి హన్మంతును పెళ్ళి చేసుకుంది, అతను కొత్తకోటకు ఆటో నడుపుతాడు, ఇవన్నీ ఆ వారంలోనే చెప్పింది. అక్షరాలు మరిచిపోకుండా ఉండడానికి ఊరి నుంచి వచ్చిన కారం పొట్లాల కాగితాలు విప్పి చదువుకునేదట. ఇన్ని చెప్పింది కానీ జీపు మాట ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పిల్లల ముందు మేడం అంటుంది, ఎవరూ లేనప్పుడు ప్రేమి అంటుంది, కూరలో ఉప్పు ఎక్కువైందని నేనంటే "ఏమే, టీచరమ్మా" అంటుంది.

'కాలువకు అవతల' ఆమె చేతికి వచ్చింది. చదివి ఏమంటుందో అని వారం రోజులు స్టాఫ్‌రూంలోనే టిఫిన్ తిన్నాను. గోడ మీద మెచ్చుకుంటూ రాసింది: "క్రాసింగు పని తప్పు లేకుండ రాసింది. చేతుల దురద గూడ రాసింది. గీ రచయిత్రి అడిగి తెలుసుకునే మనిషి." ఇరవై మూడు ఎర్ర కాగితాలు పెట్టింది. రెండో భాగం వచ్చాక ఇరవై రెండు తెల్లగా మారాయి. అరవై ఒకటో పేజీలోది మాత్రం ఎర్రగానే ఉంది. నాతో ఒక్క మాట అనలేదు. పేరు మారింది, ఊరు మారింది, ఆమెకు తెలియలేదులే అని నేను నన్ను సముదాయించుకున్నాను.

పిల్లలు ఊరుకోరు కదా. గీత ఆ కాగితాలు పెట్టిన పుస్తకాన్ని ఫోటో తీసి, ప్రశ్న రాసి, రచయిత్రికి పంపించింది. "లచ్చి ఏమైంది?" ఉమారాణి గారు రెండు వరసల జవాబు పంపారు. మీ సమీక్ష అద్భుతం, లచ్చి చిన్న పాత్ర కాబట్టి అక్కడితో ఆపాను, అని. గీత చదివి వినిపిస్తే జములమ్మ పప్పు రుబ్బడం ఆపింది.

"చిన్నదా? ఆమెకు చిన్నదేమో. లచ్చికి లచ్చి చిన్నది కాదు గద" అంది. అంతే, మళ్ళీ పప్పు రుబ్బింది. ఆ రోజు నేను అన్నం తినలేకపోయాను.

ఈ సంవత్సరం మూడో భాగం, అంటే చివరిది, రాబోతోందని తెలిసింది. అచ్చుకు పోయే ముందు రచయిత్రి పాఠకులతో మాట్లాడాలనుకున్నారు. వనపర్తి గ్రంథాలయం హాల్లో రెండో శనివారం సభ. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు చోట్ల నుంచి ఒక్కొక్క సమీక్షకుడు వేదిక మీద మాట్లాడాలి. వనపర్తి వైపు నుంచి ఎవరు అంటే మా పిల్లలు నూట నలభై మంది ఒకే గొంతుతో జములక్క అన్నారు.

కురుమూర్తి సారు నన్ను గదిలోకి పిలిచాడు. చెడ్డవాడు కాదు, భయస్తుడు.

"మేడం, జర ఆలోచించుర్రి. మూడు జిల్లాలోళ్ళు వస్తరు. వంటామెను పంపిస్తే మన బడికి చదువుకున్నోళ్ళు లేరా అంటరు. మీరు ఎమ్మే తెలుగు. మీరు పోతే పద్ధతిగ ఉంటది."

నిజం చెప్తాను. ఆ క్షణంలో నాకు ఎంత హాయి అనిపించిందో! నేను పోతే అరవై ఒకటో పేజీ సంగతి ఎత్తకుండా, నాలుగు మంచి ముక్కలు మాట్లాడి, శాలువా కప్పించుకుని వచ్చేయొచ్చు. పుస్తకం అచ్చయిపోతుంది. లచ్చి కథ అక్కడితో సరి. ఎవరికీ తెలియదు. నోటి దాకా వచ్చిన "సరే సార్" అనే మాటను మింగడానికి ఎంత కష్టపడ్డానో ఆ కుర్చీకే తెలుసు. కిటికీలోంచి వంటగది గోడ కనిపిస్తోంది. ఆ సుద్ద అక్షరాలు చూస్తే నా మీద నాకే అసహ్యం వేసింది.

"నేను పోను సార్. నాకు సమీక్ష రాయడం వచ్చు, పుస్తకం చదవడం ఆమెకే వచ్చు. నూట పన్నెండు నవలలు చదివినవాళ్ళు ఈ మండలంలో ఇంకెవరైనా ఉంటే చెప్పండి, వాళ్ళను పంపిద్దాం" అన్నాను. గొంతు కాస్త పెద్దదే అయింది. పక్క గదిలో లెక్కల సారు సుద్దముక్క కింద పడేశాడట.

"మరి శనివారం పిల్లలు పది గంటలకే వస్తరు గద స్పెషల్ క్లాసులకు, వంట?" అన్నాడు సారు, ఓడిపోయినట్టుగా.

"నేను చేస్తాను" అన్నాను.

గుమ్మంలోంచి జములమ్మ గొంతు వినబడింది. ఎప్పుడొచ్చి నిలబడిందో ఏమో! "వద్దు సార్. ఈమె వండితే పిల్లలు మళ్ళ శనివారం దాక రారు. వంటకు సాయమొచ్చే నర్సమ్మకు చెప్పిన, ఆమె చూసుకుంటది" అంది. కురుమూర్తి సారు కూడా నవ్వేశాడు.

శనివారం పొద్దున హన్మంతు ఆటో తుడిచి, అద్దానికి బంతిపూల దండ కట్టి తెచ్చాడు. వెనక సీట్లో జములమ్మ, నేను, మా మధ్య గీత. జములమ్మ ఆకుపచ్చ చీర కట్టుకుంది. గద్వాల చీర, పెళ్ళినాటిది, మడతల దగ్గర రంగు కాస్త వెలిసింది. ఒళ్ళో రెండు పుస్తకాలు. కాగితాలు బయటికి వేలాడుతున్నాయి.

"భయమైతుందా?" అని అడిగాను.

"నాకెందుకు? నేనేమన్న రాసిన్నా? రాసినోళ్ళకు ఉండాలె భయం" అంది. ఆ తర్వాత వనపర్తి వచ్చేదాకా ఆటో బయటికే చూసింది.

హాలు నిండిపోయింది. గద్వాల నుంచి వచ్చిన ఇంటర్ అబ్బాయి చక్కగా మాట్లాడాడు. నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన డిగ్రీ అమ్మాయి ఇంకా చక్కగా మాట్లాడింది, పెద్ద పెద్ద మాటలు వాడింది, చప్పట్లు కొట్టించుకుంది. తర్వాత జములమ్మను పిలిచారు. మెట్లు ఎక్కేటప్పుడు మా వెనక వరసలో ఎవరో, "ఈమె ఎవరు, గ్రంథాలయంల ఊడుస్తదా?" అన్నారు. గీత వెనక్కి తిరిగి చూసిన చూపుకు ఆ మనిషి మళ్ళీ నోరు తెరవలేదు.

జములమ్మ మైకు పట్టుకోలేదు. పొయ్యి చప్పుడులో నూట నలభై మందికి వినిపించే గొంతు ఆమెది, మైకు ఎందుకు?

"నాకు మీ తీరు మాట్లాడ రాదు. నేను పుస్తకం ఎట్ల చదువుతనో చెప్త" అని, ఎర్ర కాగితం సంగతి, తెల్ల కాగితం సంగతి చెప్పింది. చేను తెలిసినవాళ్ళు హాల్లో సగం మంది ఉన్నారు. వాళ్ళ మొహాలు విప్పారాయి. "ఇరవై మూడు పువ్వులల్ల ఇరవై రెండు నిలబెట్టింది ఈ అమ్మ. మాటలు గాదు. మా చేనుల అయితే మేస్త్రి చేస్తుండ్రి" అంది. హాలంతా గొల్లుమంది. ఉమారాణి గారు లేచి నిలబడి దండం పెట్టారు.

"కానీ ఒకటి మిగిలింది" అని జములమ్మ పుస్తకం తెరిచి పైకెత్తి చూపించింది. ఎర్ర ముక్క కొంచెం వెలిసిపోయి ఉంది. "మూడేండ్ల నుంచి గీ పువ్వు గట్లనే ఉంది. రేపొస్త అని చెప్పి పోయింది రాగిణి. రాలె. ఆఖరి భాగంలనన్న వస్తదా, రాదా? గంతే నా సవాలు."

ఉమారాణి గారు మైకు తీసుకున్నారు. ఆవిడ గొంతు తగ్గింది.

"లేదమ్మా. మూడో భాగంలో లచ్చి లేదు. చిన్న పాత్ర అని మీకు రాశాను, అది సాకు. నిజమేమిటంటే ఆ అమ్మాయి ఏమైందో నాకు తెలియదు. ఇది ఒకరి జీవితంలో జరిగింది. నాకు చెప్పినవారు జీపు దగ్గర ఆపేశారు. ఊహించి రాయబోయాను, ప్రతిసారీ అబద్ధంలా అనిపించింది."

ఆవిడ నా వైపు చూడలేదు. పేరు చెప్పలేదు. ఆవిడ గొప్పతనం అది. ఇక చూడాల్సింది నేనే. లేచాను. మూడు జిల్లాల పిల్లలు, మా గీత, అందరి ముందూ చెప్పాను. "ఆ జీపెక్కింది నేను. రేపొస్తనన్నది నేను. నేను వెళ్ళలేదు. దసరాకు వెళ్ళి కూడా అడగలేదు. లచ్చి ఏమైందో అడగాల్సింది రచయిత్రి కాదు, నేను." ఇంకా ఏదో చెప్పబోయాను, ఏడుపొచ్చేసింది.

జములమ్మ వేదిక మీద నిలబడి నా వైపే చూస్తోంది.

"నాకెర్కే ప్రేమి" అంది. "ఎనిమిదో పేజీలనే తెల్సింది. సద్దిగిన్నెకు మూత పోతే జొన్నరొట్టెను మూత లెక్క బోర్లించి తెచ్చుకునేటిది లోకంల నువ్వు ఒక్కదానివే. నువ్వే చెప్తవేమోనని రెండు భాగాలు చూసిన. చెప్పకపోతివి. ఇగ అడుగుడే మంచిదనుకున్న."

"నువ్వెందుకు ఎక్కలేదే?" అని అడిగాను. పాతికేళ్ళ ప్రశ్న. మూడు వందల మంది మధ్యలో, మేమిద్దరమే ఉన్నట్టుగా.

"ఎక్కుదామనే అనుకున్న. వెనుకకు తిరిగి సూస్తే మన సాళ్ళ నిండ ఎర్ర కాగితాలు. ఎనిమిది మంది పిల్లలు జీపెక్కినరు, తెల్లారి వచ్చేటోళ్ళెవ్వరు? అన్ని పువ్వులు రాలిపోతయ్ గద. నువ్వేమో రేపొస్తనంటివి. అందుకే ఆగిన. తెల్లారి నా సాలు చేసిన, నీ సాలు గూడ చేసిన. నువ్వు రాలె. ఆ సాయంత్రం నీ సాలుల మళ్ళ ఎర్రయి పెట్టిన, పొద్దుగాల తెల్లయి పెట్టిన. నాలుగు దినాలు. నీ సాలుల ఒక్క పువ్వు రాలనియ్యలె. తర్వాత మా నాయిన బొంబాయి బస్సు ఎక్కిచ్చిండు."

ఇది ఆమె గొప్పగా చెప్పింది. ఫిర్యాదు కాదు. మంచి పని చేసినవాళ్ళు తల ఎత్తి చెప్పే తీరులో చెప్పింది. పదకొండేళ్ళ పిల్ల, చదువు తన ముందు జీపులో నిలబడి ఉంటే, పక్కదాని పువ్వులు రాలిపోతాయని ఆగింది. నేను కళ్ళు తుడుచుకుంటూ కూడా నా పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని పెద్దాయనతో, "మా జములమ్మ అండీ, మా ఊరి పిల్ల" అన్నాను. గర్వంతో ఛాతీ పగిలిపోతుందేమో అనిపించింది.

ఉమారాణి గారు సంచిలోంచి ఒక కాగితాల కట్ట తీశారు. మూడో భాగం రాతప్రతి. జములమ్మ చేతుల్లో పెట్టారు. "ఇది ఇలాగే అచ్చుకు పోదు. మీరు చదివి, ఎర్ర కాగితాలు పెట్టి, నాకు తిరిగి ఇవ్వండి. లచ్చి నాలుగు రోజులు మీరు చెప్పినట్టే రాస్తాను" అన్నారు.

"చదువుత. కానీ బాగలేకుంటే బాగలేదనే రాస్త, గోడ మీద" అంది జములమ్మ. హాలు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. గీత బెంచీ ఎక్కి మరీ కొట్టింది.

చప్పట్లు ఆగకముందే ఆమె మెట్లు దిగి నేరుగా నా దగ్గరికి వచ్చింది. నా ఒళ్ళో పుస్తకం తెరిచి పెట్టింది. అరవై ఒకటో పేజీ. ఎర్ర ముక్క తీసి తన కొంగుకు ముడేసుకుంది. రైక లోపలి సంచిలోంచి ఒక తెల్ల కాగితం ముక్క తీసి నా అరచేతిలో పెట్టింది.

"నీ సాలుకు తెల్లయన్నీ నేనే పెట్టిన. గీ ఒక్కటన్న నువ్వు పెట్టవే" అంది.